చచ్చే వేషాల పిల్ల

నేను మొదటిసారి చచ్చిపోయింది బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడితోటలో. అప్పుడు ఒకటో తరగతి. సినిమావాళ్ళు తోటలో షూటింగ్ పెట్టుకున్నారు. వాళ్ళు వెంట తెచ్చుకున్న పాప లైట్లు చూసి బెదిరి ఏడుపు అందుకుంది. గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలే మా నాయన, వేడుక చూపిద్దామని నన్ను చంకనేసుకుని అక్కడికి వెళ్ళాడు. డైరెక్టరు నన్ను చూసి, చాప మీద కదలకుండా పడుకుంటావా అని అడిగాడు. పడుకున్నాను. ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కదపలేదట. దాంతో నా తలరాత ఖాయమైపోయింది.

ఆ తర్వాత జ్వరమొచ్చి పోయాను, బావిలో పడి పోయాను, బస్సు కింద పడి పోయాను. హీరోకు పగ పుట్టాలంటే ఎవరో ఒక పిల్ల చావాలి కదా. చిత్తూరులో మా బడి పిల్లలు "ఈతూరి ఎట్ల సస్తావు?" అని అడిగేవాళ్ళు. నాకది గొప్పగానే ఉండేది.

అమ్మకు మాత్రం ప్రతి వేషమూ గండమే. సినిమావాళ్ళలో ఒక ఆచారం ఉంది. శవంగా నటించినవాళ్ళు షాటు కాగానే లేచి అదే కెమెరా ముందు ఒకసారి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు, దోషం పోవడానికి తీస్తారంతే. తర్వాత గుమ్మడికాయ దిష్టి తీసి కొడతారు. గుమ్మడికాయ మరిచినా అమ్మ ఊరుకునేదేమో గానీ, నవ్వు తీయనిదే నన్ను అక్కణ్ణుంచి కదలనిచ్చేది కాదు. ఆమెను చూస్తే కెమెరా అసిస్టెంట్లు తప్పుకు తిరిగేవాళ్ళు. నాయనకు అదంతా తమాషా.

"యముడు కెమెరాలో సూసి వొస్తాడా? నీ పిచ్చి గానీ!" అనేవాడు.

ఒకసారి అడవిలో వాగు పక్కన నన్ను పాడె మీద పడుకోబెట్టారు. షాటు అయిందో లేదో వాన దంచికొట్టింది. అందరూ సామాన్లు సర్దుకుని వ్యాన్లకేసి పరుగు. అమ్మ కెమెరామన్ చేయి పట్టుకుని బతిమాలింది. "రేపు తీద్దాంలేమ్మా" అన్నాడతను. ఆ రేపు రానేలేదు. ఆ వారమే నాకు డెంగీ వచ్చింది. తిరుపతిలో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచేసరికి అమ్మ సెల్‌ఫోను నా ముఖం ముందు పట్టుకుని ఉంది. "నవ్వు పాపా, ఒక్కతూరి నవ్వు" అంటోంది. పెదాలు పగిలి ఉన్నాయి. నవ్వాను. నయమైంది దేనివల్లో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. మా ఇద్దరికీ తెలిసింది ఒకటి కాదు.

పెద్దదాన్నయ్యాక కొన్నేళ్ళు నన్ను పిలిచిన దిక్కు లేదు. పాపగా చూసినవాళ్ళ కళ్ళకు నేనింకా పాపనే, కొత్తవాళ్ళకేమో పాత ముఖాన్ని. తిరుపతిలో డిగ్రీ చదువుతూ ఆడిషన్లకు తిరిగాను. ఆఖరికి ఒక దయ్యం సినిమాలో హీరోయిన్ వేషం దొరికింది. మొదట్లోనే చచ్చిపోయి, తిరిగొచ్చి పగ తీర్చుకునే పాత్ర. పోస్టరు మీద నా ఒక్కదాని ముఖమే ఉంటుందన్నారు.

అన్నం వడ్డిస్తున్న అమ్మ చేయి ఆగిపోయింది. "సచ్చేవన్నీ సిన్నప్పుడే సచ్చినావు. ఇంగ వొద్దు. ఏదో ఒకనాడు వాడు నిజమే అనుకుంటాడు."

వాడంటే ఎవడని నేను అడగలేదు.

"పాప హీరోయిన్ అయితాంటే అడ్డం పడతావేందే?" అని నాయన కసిరాడు. నేను వేషం ఒప్పుకున్నాను.

షూటింగ్ ఏ లోటూ లేకుండా సాగింది. నవ్వు తీశారు, గుమ్మడికాయా కొట్టారు. అయినా ఫోనులో అమ్మ గొంతు నీరసిస్తూ వచ్చింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, గుండెదడ. తిరుపతిలో డాక్టరుకు చూపిస్తానన్నాడు నాయన. నాకు భయం మొదలైంది. నా చావులు నన్నేమీ చేయలేదు గానీ, అమ్మను లోపల్నుంచి తినేస్తున్నాయనిపించింది.

మా వైపు ఎవరు పోయినా సాయంత్రానికల్లా కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. పోయినవాళ్ళ ఫోటో, దానికి దండ, అటూ ఇటూ దీపాలు, పైన పెద్దక్షరాల్లో 'కన్నీటి శ్రద్ధాంజలి'. మా సినిమా ప్రచారం చూసే మహానుభావులకు అందులో గొప్ప ఉపాయం కనిపించింది. నాతో ఒక్క మాటైనా అనకుండా నా ఫోటోకు దండ వేసి తిరుపతి అంతా అలాంటి ఫ్లెక్సీలే కట్టారు. సినిమా పేరు అడుగున చీమలబారులా ఉంది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

చిత్తూరు బస్సు దిగి అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ నాయన బస్టాండు బయట దాన్ని చూశాడు. పై అక్షరాలు, నా ముఖం, అంతవరకే చూశాడు. అమ్మ అటు తిరగబోతుంటే భుజం పట్టుకుని వెనక్కి మళ్ళించాడు.

"ఈ పక్క పోదాం రా. ఆడంతా ఎండ."

ఆటో ఎక్కి నాకు ఫోను చేశాడు. స్విచాఫ్. నేను చెన్నైలో డబ్బింగ్ థియేటర్లో నా చావుకేకకు గొంతు ఇస్తున్నాను. సరిగ్గా కుదరక మళ్ళీ మళ్ళీ అరుస్తున్నాను. నా మేనేజరుకు చేశాడు. అతను ఎత్తలేదు. ఎందుకు ఎత్తడంలేదో నాయనకు ఒక్క కారణమే తోచింది.

డాక్టరు అమ్మను చూసి, గుండె బలహీనంగా ఉంది, కంగారు పెట్టే మాటలేవీ చెప్పొద్దు అన్నాడట. నాయన ఆమెను టెస్టులకు తిప్పాడు. ఇడ్లీ తినిపించాడు. పాప ఫోను చేసిందా అని అమ్మ అడిగితే "సేసింది, బాగుండాది" అన్నాడు. ఇదంతా చాన్నాళ్ళకు ఆయనే చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా ఆ మనిషి ఎలా నిలబడగలిగాడో నా ఊహకందదు.

సాయంత్రం పని ముగించి ఫోను ఆన్ చేశాను. ఆయన చేసిన కాల్స్ చూసి, అమ్మకే ఏదో అయిందనుకుని వెంటనే ఫోను చేశాను.

"నాయనా, అమ్మ ఎట్లుండాది?"

అవతల ఆసుపత్రి రొద, ఆయన ఊపిరి.

"ఎవురు మాట్లాడేది?"

"నేనే నాయనా."

"ఎవురు?"

నా పేరు చెప్పాను. ఆయన గొంతు బాగా తగ్గించాడు, పక్కనున్న మనిషికి వినబడకూడదన్నట్టు.

"మీయమ్మకు ఇంగా సెప్పలే పాపా."

"ఏంది నాయనా?"

"నువ్వు పొయ్యినావని."