మునిగిన చేపల్ని చూసిన మనిషి

మా డ్రిల్లు మేష్టారు పోయారన్న కబురు నాకు నందిగామ బస్టాండులో తెలిసింది. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సు కండక్టరు, ఒకప్పుడు మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే, నన్ను చూసి గబగబా దిగి వచ్చాడు. "మేష్టారూ, డ్రిల్లు మేష్టారు పొద్దున్నే పోయారండి. గుండె నొప్పంట. సాయంత్రానికి తీసుకెళ్తారు. ఈ బస్సే వెనక్కి పోద్ది, ఎక్కేయండి" అన్నాడు. ఇంటికి కబురు పంపాలని కూడా తోచలేదు, ఎక్కేశాను. దారిలో ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు. రోజూ సైకిలు తొక్కే మనిషి, కృష్ణకు అడ్డంపడి ఈదిన మనిషి, యాభై దాటీ దాటకుండా ఇలా పోవడమేమిటని మండిపోయింది.

ఆ సాయంత్రమే భూస్థాపన అయింది. తర్వాతి శనివారం, ఆయన పనిచేసిన బళ్లోనే సంతాపసభ పెట్టారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? సున్నపురాయి క్వారీ కాంట్రాక్టరు. ఫొటోకు దండ ఆయనే వేశాడు, కళ్లు ఆయనే తుడుచుకున్నాడు. "ఈతంటే ప్రాణం పెట్టిన మనిషి. నీళ్లలో మితిమీరి మునగబట్టి పాపం చెవులు పోగొట్టుకున్నారు" అని ఆయనే సెలవిచ్చాడు. అందరూ తలలూపారు. నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. ఆ చెవులు ఎలా పోయాయో ఆ గదిలో కనీసం ఇద్దరికి బాగా తెలుసు. చెప్పినాయనకూ, విన్న నాకూ. ఆ సభే జరగకపోతే నేనీ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదేమో. పోయినవాళ్ల గురించి దుఃఖంతో రాయాలంటారు. నేను కోపంతో రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

మేష్టారిది వత్సవాయి దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవారు. మిషను బళ్లో చదువుకుని, డ్రిల్లు ట్రైనింగు అయి జగ్గయ్యపేట వచ్చారు. అప్పటికే నేను అక్కడ లెక్కలు చెబుతున్నాను. ఆయనకు ఇంటిపట్టున కూర్చోవడం చేతకాదు. ఆదివారం చర్చి అవగానే సైకిలు తీసేవారు. ఒక వారం గుట్టలెక్కడం, ఒక వారం పాలేటి వెంబడి నడవడం, ఎక్కువ వారాలు ముక్త్యాల పోయి కృష్ణలో పడటం. వెంట వచ్చే పిల్లలుంటే పిల్లలు, లేకపోతే నేను. ఈది ఒడ్డెక్కాక నిక్కరు ఆరేదాకా నడుస్తూనే ఉండేవారు. కూర్చుంటే ఒళ్లు బద్ధకానికి మరుగుతుందట.

ముప్పై రెండేళ్ల వయసులో నాకు ఈత నేర్పింది ఆయనే. బావిలోకి తొంగి చూడాలన్నా జంకే మనిషిని నేను. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి నీళ్లలోకి దించారు. నేను కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, "లెక్కలాయనా, నీళ్లని అలా బాదకండి. అవి మిమ్మల్నేం చేశాయని?" అనేవారు. నా దగ్గర లెక్కలు తప్పిన పిల్లలంతా ఒడ్డున చేరి పగలబడి నవ్వేవారు. వాళ్లని ఆయన ఒక్కసారీ కసరలేదు. రెండో వేసవికి నేను బుర్రలు లేకుండా ఈదాను. నాకు ఇన్నేళ్ల జీవితంలో భయం పోయిన సందర్భం అదొక్కటే. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ముక్త్యాలకు దిగువన ఒక మడుగు ఉంది. ఎండాకాలం ఏరంతా ఇసుకలో పాయలుగా చీలిపోయినా అక్కడ రెండు నిలువుల నీళ్లుంటాయి. చేపలు పట్టుకుని బతికేవాళ్లు దాన్ని తల్లిమడుగు అంటారు. ఏటిలో చేపలన్నీ వేసవికి అక్కడే తలదాచుకుని, కొత్తనీరు రాగానే మళ్లీ ఏరంతా పరుచుకుంటాయి. కాబట్టి ఎండలు ముదిరిన రెండు నెలలూ ఆ మడుగులో ఎవరూ వల వేయకూడదని వాళ్ల కట్టుబాటు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, వేసేవాళ్లు కాదు.

ఎగువన సాగర్ కడుతున్న రోజుల్లోనే మా వైపు క్వారీ వచ్చింది. క్వారీతో తూటాలు వచ్చాయి. రాళ్లు పేల్చే తూటాకు వత్తి అంటించి మడుగులోకి విసిరితే చాలు, బుట్టల కొద్దీ చేపలు వెల్లకిలా తేలేవి. కాంట్రాక్టరు బావమరిది తన మనుషులతో ఆదివారం ఆదివారం అదే పనిగా వచ్చేవాడు. బజారులో చేపలు ఎక్కువయ్యాయని మేమంతా సంబరపడ్డాం.

మేష్టారు మాత్రం అడుగుదాకా మునిగే మనిషి. "తేలింది మీరు తింటారు. మునిగింది ఎవరు చూశారు?" అనేవారు. పొట్టలో గాలితిత్తి పగిలిన చేప తేలదట, అడుక్కి పోయి బురదలో కుళ్లుతుందట. ఒక రోజు ఆయన మునిగి మునిగి, వేలెడేసి పిల్లల్నీ, గుడ్లతో ఉన్న తల్లుల్నీ తువ్వాలులో ఏరుకుని, సైకిలు మీద జగ్గయ్యపేట చేపల బజారుకు తెచ్చారు. అమ్మకానికి పెట్టిన బొచ్చె చేపల పక్కనే ఆ తువ్వాలు పరిచారు. "ఇవి కూడా తీసుకెళ్లండమ్మా. వీటినీ మీ కోసమే చంపారు" అన్నారు కొనేవాళ్లతో. బజారంతా నవ్వింది. "మేష్టారికి ఎండదెబ్బ తగిలినట్టుందే" అన్న ఆవిడ మరెవరో కాదు, మా ఇంటావిడే. ఆ పూట మా ఇంట్లో చేపల కూరే.

ఏటా దసరా సెలవుల్లో ఆయన ముక్త్యాల రేవు నుంచి అవతలి గుంటూరు జిల్లా ఒడ్డుకు ఈది, మళ్లీ ఈదుకుంటూ వచ్చేవారు. జనం బళ్లు కట్టుకుని మరీ చూడ్డానికి వచ్చేవారు. ఆయన ఒడ్డెక్కి, ఒళ్లంతా నీళ్లు కారుతుండగానే మడుగు సంగతి మాట్లాడేవారు. ఈత అయిపోగానే జనానికి ఇంటి ధ్యాస. సగం మాటలో ఉండగానే చప్పట్లు కొట్టి బళ్లెక్కేవారు.

ఒక ఏడు వేసవి సెలవులకు ముందు ఊరి పెద్దమనుషులు ఆయన ఈతకు సన్మానం చేసి విందు పెట్టారు. శాలువా కప్పి, పొగిడి, విస్తళ్లు వేసి చేపల పులుసు వడ్డించారు. మేష్టారు ముక్క విప్పి చూశారు. వెన్నుముల్లు విరిగి ఉంది, దాని చుట్టూ నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది.

"ఇది వలలో పడ్డ చేప కాదండి" అన్నారు.

"తినండి మేష్టారూ, మీ కోసమని మడుగు నుంచి ప్రత్యేకం తెప్పించాం" అన్నాడు వడ్డించే పెద్దమనిషి. అపకారం చేస్తున్నానని ఆయనకు నిజంగానే తెలియదు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంది?

మేష్టారు విస్తరి మడిచి, శాలువా తీసి దాని పక్కన పెట్టి, అందరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. "కూలోళ్ల బిడ్డకి శాలువా కప్పితే ఇట్టాగే ఉంటది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ అదేం మాటని అడగలేదు. నేను నా విస్తట్లో ఉన్న రెండు ముక్కలూ తిన్నాను. లేవాలనే అనిపించింది, లేవలేదు. పులుసు బాగుంది కూడా.

అర్జీలు పెట్టారు. ఆయన చెబుతుంటే రాసిపెట్టింది నేను, సంతకం ఆయనది. "మీరు కూడా ఒక సంతకం పడేయండి లెక్కలాయనా, రెండవుతాయి గదా" అన్నారొకసారి. "నాకే లెక్కలు చెబుతున్నారా?" అని నవ్వేసి కలం మూత పెట్టేశాను. ఆ అర్జీలకు వచ్చిన ఒకే ఒక్క జవాబు ఏమిటంటే, డ్రిల్లు మేష్టరుకు చేపలతో ఏం పనో సంజాయిషీ ఇవ్వాలని.

దాంతో ఆయన మడుగులోకే దిగారు. ఎండలు ముదిరిన ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం, తూటాల వాళ్లు వచ్చే వేళకు మడుగు నడిమధ్య ఉండేవారు. మనిషి నీళ్లలో ఉండగా తూటా వేయరని ఆయన ధీమా. వాళ్లు ఒడ్డున కాచుకుని కాచుకుని తిట్టుకుంటూ పోయేవారు. పొద్దుటి ఆరాధనకు రావడం లేదేమని పాస్టరుగారు అడిగితే, "సాయంత్రం వస్తానండి, పొద్దున నాకు డ్యూటీ ఉంది" అన్నారట. రెండు వేసవులు అలా గడిచాయి. "వానలకి ఏట్లో మళ్లీ చేప కదిలింది మేష్టారూ" అని ముక్త్యాల వాళ్లు చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి మీరు. ఏ శాలువాకూ రాని కళ అది.

మూడో వేసవిలో ఒక ఆదివారం నేను కూడా వెళ్లాను. రెండు సైకిళ్లూ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. బావమరిది వచ్చాడు. "ఒడ్డెక్కండి మేష్టారూ, ఇయ్యాల మాకు చుట్టాలొచ్చారు" అన్నాడు. "మీరు పొయ్యాక ఎక్కుతా" అని మేష్టారు నా వైపు చూసి నవ్వి, మునిగారు. బావమరిది కూడా ఒకసారి నన్ను చూశాడు. వత్తి అంటించాడు. విసిరాడు. నేను రెండు సైకిళ్లూ పట్టుకునే ఉన్నాను.

తూటా మడుగు అవతలి వైపు పేలింది కాబట్టి ప్రాణం దక్కింది. చచ్చిన చేపల మధ్య ఆయన తేలారు, రెండు చెవుల నుంచీ నెత్తురు. చేపలు పట్టే అతనొకడు పుట్టి వేసుకుని పోయి ఒడ్డుకు లాక్కొచ్చాడు.

విచారణకు వచ్చినాయన ముందు ఆ పుట్టి అతను చూసింది చూసినట్టు చెప్పాడు. అతని మాట రాసుకోలేదు. తర్వాత నన్ను అడిగారు. "నేను అటు తిరిగి సైకిలు చూసుకుంటున్నానండి. చప్పుడు విన్నా, అంతే" అన్నాను. అది రాసుకున్నారు. ఈతలో జరిగిన ప్రమాదమని తేల్చారు. కాంట్రాక్టరుకు బడి పెద్దల్లో పలుకుబడి ఉంది, నాకు నందిగామ బదిలీ కావాలి. ఆ జూన్‌లో బదిలీ అయింది. ఆ సంగతి కూడా ఇక్కడ రాసేస్తున్నాను.

తర్వాత ఆయన చెవుడుతోనే డ్రిల్లు చెప్పారు. విజిలు తనే ఊదేవారు, తనకే వినపడేది కాదు. పిల్లల పాదాలు చూసి ఎవడు తప్పాడో పట్టేవారు. డాక్టరు మునగొద్దన్నారు కాబట్టి మునగడం మానేశారు గానీ, దిగడం మానలేదు. ఏటా ఆ రెండు నెలలూ ఆదివారాలు మెడలోతు నీళ్లలో నిలబడేవారు. ఒక మనిషి చెవులు తీశాక వాళ్లకూ జంకు పుట్టిందేమో, మళ్లీ తూటా వేయలేదు. నేను సెలవులకు వెళ్తే పలక మీద రాసి మాట్లాడేవాణ్ణి. ఒకసారి "ఆ రోజు నేను" అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తికాకుండానే ఆయన పలక అందుకుని, అరచేత్తో తుడిచేసి మళ్లీ నా చేతికే ఇచ్చారు. "మీ నందిగామ మునేట్లో చేపలెట్టా ఉన్నయ్యో, అది రాయండి" అన్నారు.

సంతాపసభ అయ్యాక మేష్టారి భార్య నా దగ్గరకు వచ్చారు. "మీరు అటు తిరిగి ఉండబట్టి ఆ ఘోరం చూళ్లేదండి. అదొక్కటే నయమనేవారు ఆయన" అన్నారు.

ఆయన మునిగే ముందు నా కళ్లలోకి చూసి నవ్వారు. నేను ఎటు తిరిగి ఉన్నానో ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లూ తన ఇంటావిడ దగ్గర సైతం నా పరువు కాపాడారు. కాంట్రాక్టరు మీద నాకు కోపం ఉంది, చప్పట్లు కొట్టి చేపలు కొనుక్కున్న ఊరి మీద కోపం ఉంది. నా మీద నాకున్న కోపం ముందు అవి రెండూ చిన్నవే. ఇప్పుడు రాస్తున్నాను, అచ్చులోనే ఉండనివ్వండి. నేను అటు తిరిగి లేను. చూశాను. మేష్టారి చెవులు ఈతలో పోలేదు. ఆయన నీళ్లలో ఉన్నారని తెలిసే, కాంట్రాక్టరు బావమరిది తూటా వేశాడు.

ఇది అచ్చుకు పంపేలోగా ఆవిడకు నా నోటితో చెప్పాలని మొన్న ఆదివారం జగ్గయ్యపేట వెళ్లాను. ఇంటికి తాళం. "పొద్దున్నే ముక్త్యాల బస్సెక్కిందండి" అంది పక్కింటావిడ. నేనూ తర్వాతి బస్సు పట్టుకుని, దిగి, ముదిరిన ఎండలో మడుగు దాకా నడిచాను. ఒడ్డున ఇద్దరు క్వారీ మనుషులు, వాళ్ల మధ్య ఒక ఖాళీ బుట్ట, పక్కన గోనెసంచీ. మోకాలి లోతు నీళ్లలో, తెల్లచీరలో, వాళ్లకు అడ్డంగా మేష్టారి భార్య.

నేను గట్టు అంచున నిలబడి అంతా చెప్పాను. తూటా గురించీ, విచారణ గురించీ, బదిలీ గురించీ. ఆవిడ నా వైపు తిరగలేదు. నీళ్ల వంకే చూస్తున్నారు. అలాగే అడిగారు.

"ఇక్కణ్ణించి లోతెంత ఉంటుందండీ?"

"ఇంకో నాలుగడుగులేస్తే నిలువు దాటుద్దమ్మా. మీకు ఈత రాదు."

"రాదండి" అని ఒక అడుగు ముందుకు వేశారు. తర్వాత ఇంకొకటి. నేను చెప్పులు విడిచి, చొక్కా విప్పి, ఆవిడను దాటి లోతులోకి వెళ్లి నిలబడ్డాను. ఒడ్డున ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ లేవలేదు. నడుము లోతు నీళ్లలో ఆవిడ చీర చెంగు విచ్చుకుని తేలుతోంది. వేలెడేసి చేపపిల్లలు దాని చుట్టూ చేరి, తెల్లటి అంచును మూతులతో తడుముతున్నాయి.