జింకు వేయని మడి

మొన్న ఆదివారం ఆరాధన ముగిసే వేళకు కడప ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదు. సమాధి తోటలో అందరూ ఆమె భక్తి గురించి చెప్పారు. నేను ఆమె చౌడు నేల గురించి చెప్పాలి.

కాలువ కింద ఆమెకున్నది అరెకరా. ఉప్పు తేలి తెల్లగా ఉండేది. ఒకప్పుడు బట్టలుతకడానికి ఆ మట్టిని గీక్కుపోయేవారు. మామ పోయాక బీడు పెట్టేయమని ఊరంతా చెప్పింది. "దీంట్లో పండిన బువ్వ తిన్నాకనే నేను పోయేది" అంది అత్త. అంత మొండిది.

వ్యవసాయ డిప్లొమా చదివిన గర్వంతో చౌడును తట్టుకునే వరి విత్తనం తెచ్చిచ్చింది నేనే. జిప్సం చల్లించాను, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేయించి మట్టిలో కలియదున్నించాను. జింకు ఎరువు మాత్రం దండగన్నాను. "ఈ రకం దేన్నైనా తట్టుకుంటాది లే అత్తా" అన్నాను. నాటిన నెలకే ఆకుల మీద తుప్పు మచ్చలు లేచాయి, పైరు గిడసబారింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అత్త ఒక ఆకు తెంపి నా చేతిలో పెట్టింది. "ఉప్పుకు ఓర్చుకుంటాది అల్లుడా. ఆకలికి ఎట్ల ఓర్చుకుంటాది?"

జింకు పిచికారీ చేశాక కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. ఆలస్యంగానైనా గింజలు చేతికందాయి. ఆ బువ్వలో మొదటి ముద్ద నాకే పెట్టింది.

తర్వాత ఏటా అన్ని మళ్లకూ జింకు వేసి, గట్టు పక్క చిన్న మడి ఒక్కదానికి ఎగ్గొట్టేది. గుర్తుకు అక్కడొక కట్టె పాతింది. చౌడు రైతులు సలహాకు వస్తే నేరుగా అక్కడికే తీసుకుపోయేది. "ఇది మా అల్లుడి మడి" అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. కానీ దాన్ని చూసిపోయిన వాళ్లెవరూ నా తప్పు చేయలేదు.

ఈ ఏడు నాట్లప్పుడే ఆమెకు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాం. మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుని, "ఈ తూరి ఆ మడికి గూడా వేయి నాయనా. శానా ఏండ్లు పస్తుండాది" అంది.

సమాధి తోట నుంచి నేరుగా పొలానికి పోయాను. పైరంతా ఒకటే పచ్చగా ఉంది. ఆకలి మడి ఏదో కట్టెను చూస్తే గానీ తెలియలేదు. ఇకమీద వచ్చే రైతులకు నా తప్పును నేనే నోరు విప్పి చెప్పుకోవాలి, చెప్తాను. కట్టె పెరుకుదామని వంగాను. చెయ్యి రాలేదు. వదులైన దాన్ని ఇంకాస్త లోతుగా దిగ్గొట్టి వచ్చాను.