పద్నాలుగు సైకిళ్ళు

మా ఊరి సైకిల్ క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే పచ్చ బనియన్లు వేసుకుని, హెల్మెట్లు పెట్టుకుని నంద్యాల రోడ్ల మీద పోయే గుంపు వాళ్ళే. ఆ గుంపును పోగుచేసింది నేను. ఇప్పుడు నేను పోను. ఎందుకు మానేశావని అడిగితే మోకాళ్ళ నొప్పులంటాను. నా మోకాళ్ళకు ఏ రోగమూ లేదు, నిక్షేపంగా ఉన్నాయి. ఆ మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు, అందుకని చెబుతాను. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను మూడేళ్ళు జపాన్‌లో ఉన్నాను. గొప్ప ఉద్యోగమేమీ కాదు, కార్లకు ప్లాస్టిక్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పని. భాష రాదు. సెలవొస్తే గదిలో గోడల్ని చూస్తూ కూర్చోవడమే. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద కొండ, సైకిలు, గుడారం బొమ్మలు. రాత చదవలేకపోయినా బొమ్మలు అర్థమయ్యాయి కాబట్టి వెళ్ళి చేరాను. నెలకోసారి ఏటిగట్టు వెంబడి సైకిళ్ళు తొక్కేవాళ్ళం, లేదా కొండెక్కేవాళ్ళం. ఎండాకాలంలో రెండు రోజులు గుడారాల్లో ఉండేవాళ్ళం. అన్నం డబ్బా ఎవరిది వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు, చెత్త కూడా ఎవరిది వాళ్ళే ఇంటికి మోసుకుపోయేవాళ్ళు.

ఆ క్లబ్బుకు పెద్ద ఒక ముసలాయన. ఒకప్పుడు ఉత్తరాలు పంచే ఉద్యోగం చేశాడట. నాయకుడు కదా, ముందు పోతాడనుకున్నాను. ఆయన ఎప్పుడూ ఆఖరున ఉండేవాడు. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టి, ఆ నడకనే మిగతావాళ్ళను నడవమనేవాడు. ఆగిన ప్రతిచోటా, మళ్ళీ కదిలే ముందు, ఎవరి అంకె వాళ్ళు గట్టిగా పలకాలి. నాది ఆరు. ఒకసారి సగం కొండెక్కాక తొమ్మిది పలకలేదు. ఆ తొమ్మిదో ఆవిడ కింద మలుపులో, ఆయన కంటపడకుండా చెట్టు చాటున కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. ఆయన మా అందర్నీ వెనక్కి దించాడు. ఎక్కిందంతా దిగాలా అని నాకు ఒళ్ళు మండింది. ఏం చాదస్తం మనిషివయ్యా అని తెలుగులోనే తిట్టుకున్నాను. ఆయన నా వైపు చూసి తల ఊపాడు.

నంద్యాలకు తిరిగొచ్చి మా బట్టల కొట్లో కూర్చున్నాక, ఆ కొండల మీదికి మనసు పోయేది. ఇక్కడ మాత్రం కొండల్లేవా, నల్లమల పక్కనే ఉందిగా అనుకుని క్లబ్బు పెట్టాను. పద్నాలుగు మందిమి పోగయ్యాం. మా బజారులో హోల్‌సేల్ వ్యాపారం చేసే పెద్దాయన బనియన్లు కుట్టించాడు, కాబట్టి ఆయనే అధ్యక్షుడయ్యాడు. సైకిళ్ళకంటే ముందు బనియన్లొచ్చాయి. నాలుగు కిలోమీటర్లు తొక్కి నలభై ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఉగ్గాని, బజ్జీ ఎక్కడ బాగుంటే మా సైకిలు యాత్ర అక్కడితో ముగిసేది. నేను నవ్వుకునేవాణ్ణి. జపాన్ పోయొచ్చినవాణ్ణి కదా, అందర్నీ చూసి నవ్వే హక్కు నాకుందనుకునేవాణ్ణి.

పద్నాలుగో మనిషి నా చిన్ననాటి స్నేహితుడు. బడిలో ఒకే బెంచి మీద కూర్చున్నాం. వాడు మిషన్ కాంపౌండు పక్క ఇంట్లో ఉంటాడు, లెక్కల సారు. లావు మనిషి, కొంచెం నడిస్తే ఆయాసం. చక్కెర జబ్బు వచ్చిందని డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. క్లబ్బులోకి రమ్మని నేను పిలిస్తే చాలా రోజులు రానన్నాడు.

"మీరంతా ముందు పోతారు, నేను యాడనో వెనకబడతా. నాకెందుకప్పా ఈ నగుబాటు" అన్నాడు.

"నీ వెనక నేనుంటా. జపాన్‌లో పెద్దోళ్ళు అట్లే చేస్తారు. నిన్ను దాటి ఒక్క అడుగు ముందుకెయ్యను" అన్నాను.

వాడి భార్య కాఫీ గ్లాసులిచ్చి, "నువ్వుంటే పంపిస్తానన్నా" అంది. వాడు పాత గేర్ల సైకిలు ఒకటి కొన్నాడు. నాలుగైదు ఆదివారాలు నేను మాట మీద నిలబడ్డాను. వాడి వెనకే తొక్కాను. వాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేవాడు, నేను కనపడగానే మళ్ళీ తొక్కేవాడు. తర్వాత్తర్వాత తిరిగి చూడటం మానేశాడు. ఉన్నానని నమ్మకం కుదిరింది.

చలికాలంలో పెద్ద యాత్ర అనుకున్నాం. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, అక్కణ్ణుంచి అహోబిలం దారిలో మాలో ఒకరి బంధువుల మామిడితోట. అక్కడ గుడారాలు, మర్నాడు కొండెక్కడం. సామాను మోయడానికి బేతంచెర్ల నుంచి నాపరాళ్ళు తోలే ట్రాలీ ఒకటి మాట్లాడారు. పంపు, పంక్చరు సామానుతో మోటారు సైకిలు మీద ఒక మనిషి వెంట వచ్చాడు.

శిరివెళ్ళ దాటాక నా స్నేహితుడి సైకిలు చైను తెగింది. బిగించి చూశాం, కుదరలేదు. సైకిల్ను ట్రాలీలో గుడారాల మీదికెక్కించి, వాణ్ణి డ్రైవరు పక్కన కూర్చోబెట్టాం. వాడి సంచి సైకిలు హ్యాండిలుకే ఉంది, ఫోను, మాత్రలు, పర్సు అన్నీ అందులోనే. వాడు ట్రాలీ ఎక్కినప్పుడు నాకు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. అంత నెమ్మదిగా తొక్కి తొక్కి నా కాళ్ళు విసిగిపోయి ఉన్నాయి. ఈ మాట వాడికి చెప్పలేదు, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆళ్ళగడ్డ చివర, విగ్రహాలు చెక్కే కొట్టాల దగ్గర టీ కోసం ఆగాం. అక్కడ రోడ్డు పొడుగునా రాతిపొడి, సుత్తుల చప్పుడు. వాడు శిల్పాల పని చూస్తానని ఒక కొట్టంలోకి పోయాడు. పిల్లలకు రేఖాగణితం చెప్పేవాడు కదా, రాయి మీద గీతలు గీయడం చూడాలని సరదా. కాసేపటికి అధ్యక్షుడు చేతులు దులుపుకుని బయలుదేరదామన్నాడు. నేను అలవాటుగా, ఎవరి అంకె వాళ్ళు చెప్పండి అన్నాను. అంతకుముందు ఆదివారాల్లోనూ అన్నాను, ఎప్పుడూ సాగలేదు.

"దూరం పోయేటప్పుడు మనుషుల్ని లెక్కపెడతారా ఏంది? దిష్టి తగుల్తాది. సైకిళ్ళు లెక్కపెట్టప్పా" అన్నాడు ఆయన.

నాకు ఆ మాట కొత్త కాదు. మా అవ్వ పెళ్ళిళ్ళలో బంతికి ఎంతమంది కూర్చున్నారో మనుషుల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు, విస్తళ్ళు లెక్కపెట్టమనేది. మా ఇళ్ళల్లో అంతే. పిల్లల్ని వేలు పెట్టి లెక్కిస్తే వీపు మీద ఒకటి పడేది. జపాన్‌లో మూడేళ్ళు ఆరు, ఆరు అని అరిచిన నేను, ఆళ్ళగడ్డలో నోరు మూసుకుని సైకిళ్ళు లెక్కపెట్టాను. రోడ్డు మీద పదమూడు, ట్రాలీలో ఒకటి. పద్నాలుగు. సరిపోయింది.

ఆఖరున ఉండాల్సింది నేను. ఇంకొకతను పక్కకొచ్చి, "జపాన్ పోయొచ్చి గూడా ముసలోని మాదిరి వెనకనే తొక్కుతావా? ముందుకొచ్చి చూపీప్పా నీ ప్రతాపం" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రేగిపోయాను. ఎట్లాగూ వాడు ట్రాలీలో ఉన్నాడు కదా అనుకుని అందరికంటే ముందు పోయాను. తోట దాకా ఎవరికీ దొరకలేదు. ట్రాలీ డ్రైవరు, సారు మోటారు సైకిలెక్కాడనుకున్నాడు. మోటారు సైకిలతను, సారు ట్రాలీలో ఉన్నాడనుకున్నాడు. నేను ఆ తర్వాత వాడి గురించి అసలేమీ అనుకోలేదు. నాకు గాలి హాయిగా తగులుతోంది.

తోటలో సైకిళ్ళన్నీ వరసగా ఆనించి ఫోటో తీసుకున్నాం. ట్రాలీలోంచి దించి వాడి సైకిల్ను కూడా వరసలో పెట్టింది నేనే. అందరం క్షేమంగా చేరామని రాసి ఆ ఫోటోను క్లబ్బు వాట్సాప్ గుంపులో పెట్టాను, వాడి భార్యకూ పంపాను. గుడారాలు కట్టేసరికి పొద్దెక్కింది. వంటాయన సైకిళ్ళు చూసి పద్నాలుగు ఆకులు, ట్రాలీకి, మోటారు సైకిలుకు ఇంకో రెండు వేశాడు. కూర్చున్నాం. నా పక్కన ఆకు ఖాళీగా ఉంది.

"ఒకటి ఎక్కువేసినట్టుండారు" అని అధ్యక్షుడు ఆ ఆకు మడిచి పక్కన పెట్టాడు.

అప్పుడు నాకు తెలిసింది. లేచి ఫోను తీశాను. వాడి భార్య నుంచి ఎప్పుడో వచ్చిన మెసేజీ ఉంది. ఫోటోలో మా ఆయన కనపడలేదన్నా, అని. తోటలో మేం ఇంతమందిమి ఉన్నాం, నంద్యాలలో వంటింట్లో ఉన్న ఆవిడ ఒక్క చూపులో కనిపెట్టింది. వాడి నంబరుకు చేశాను. రింగు సైకిళ్ళ వరసలోంచి వినపడింది. సంచి విప్పి చూస్తే వాడి ఫోనులో, తెలియని ఒకే నంబరు నుంచి ఎత్తని కాల్స్ ఐదున్నాయి.

"ఏందో మోగుతాండె. నాది కాదులే అనుకుంటి" అన్నాడు ట్రాలీ డ్రైవరు.

మోటారు సైకిలు తీసుకుని ఆళ్ళగడ్డకు పోయాను. కొట్టంలో శిల్పి సుత్తి కింద పెట్టి నన్ను కిందా మీదా చూశాడు.

"ఆ సారా? రెండు గంటలు ఈ రాయి మీదనే కూచోనుండె. నా ఫోనిస్తే, నాకు గుర్తుండేది నా నంబరొకటే అని దానికే చేసె. ఎవురూ ఎత్తలే. బస్సెక్కు సార్ అంటే, లేదప్పా, మావోడు వస్తాడు, వాడు నా వెనకనే ఉంటాడు అనె. ఇంగ నేనే ఛార్జీ ఇచ్చి నంద్యాల బస్సెక్కిస్తి."

ఆయన మళ్ళీ సుత్తి తీసుకుని పనిలో పడ్డాడు. నేను ఆ రాయి దగ్గర కాసేపు నిలబడ్డాను, కూర్చోలేకపోయాను.

తోటకు పోయి చెబితే అధ్యక్షుడు, బస్సెక్కినాడు కదా, ఇంకేం, అన్నాడు. మర్నాడు వాళ్ళు కొండెక్కారు. నేను ఎక్కలేదు. అంతకంటే ఇంకేమీ చేయలేదు. ఆయన్ను నాలుగు మాటలతో కడిగేయాల్సింది, కడగలేదు. నా నోరు ఏ మొహం పెట్టుకుని లేస్తుంది?

వాడి సైకిలు చైను వేయించి ఇంటికి తీసుకుపోయాను. వాడి భార్య తలుపు తీసి, "ఆడ గోడకు ఆనించన్నా" అంది. లోపలికి రమ్మనలేదు. వాడు మాత్రం బయటికొచ్చి మామూలుగానే పలకరించాడు. మాత్రలు ఆలస్యమై బస్సులో కళ్ళు తిరిగాయని, ఎవరో నీళ్ళిచ్చారని చెప్పాడు. నేను క్షమించమన్నాను. "పోనీలేప్పా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నెల తిరక్కుండా ఆ సైకిలు అమ్మేశాడు.

ఇప్పుడు వాడు పొద్దున బడి మైదానంలో నడుస్తాడు. మొన్న నేనూ పోయాను. పక్కపక్కన ఒక చుట్టు నడిచాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. రెండో చుట్టులో వాడికి ఆయాసం వచ్చింది. నేను పాత అలవాటుతో రెండడుగులు వెనక్కి తగ్గి వాడి వెనక నడవసాగాను. వాడు ఆగిపోయాడు.

"నువ్వు ముందు పోప్పా" అన్నాడు.

"పర్లేదు, నిదానంగా పోదాం. నీ వెనకనే వస్తా."

"వద్దు. నువ్వు వెనక ఉంటే నేను మళ్ళీ నమ్ముతా. ముందు పో."

వాడి గొంతులో కోపం లేదు. పిల్లవాడికి లెక్క విడమరిచినట్టు చెప్పాడు. నేను వాణ్ణి దాటి ముందుకు నడిచాను. చుట్టు సగం తిరిగాక వెనక్కి చూస్తే వాడు అక్కడే నిలబడి, నేను ఇంకొంచెం దూరం పోవడానికి ఆగి ఉన్నాడు.