మీకు ప్రైజు రాలేదండి

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకెవరూ అలా చెప్పలేదు. ఆ రోజు పొద్దున్నే అమలాపురం నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మకి ఆయాసం కొంచెం ఎక్కువైంది. వీలుంటే ఒకసారి వచ్చి చూసెళ్తారా?" అంది. ఆ మాట ఇంకా పూర్తికాలేదు, వెనక ఎవరిదో మగగొంతు, "ఫ్రీజరు బాక్సు వచ్చిందండి, ఎక్కడ దింపమంటారు?" అని వినిపించింది. పిల్ల గబుక్కున ఫోన్ చేత్తో మూసింది కానీ వినాల్సింది నేను వినేశాను. దాన్ని తప్పు పట్టను. మన వైపు చావుకబురు ఎవరు చెప్పినా ఇలాగే, గుడ్డలో చుట్టి చెప్తారు. బస్సులో కూర్చుని ఏడుస్తూనే నవ్వుకున్నాను కూడా. పిన్నిగారే వినుంటే, "ముందు విషయం చెప్పవే తల్లీ, తరవాత ఆయాసం సంగతి చెబుదువుగాని" అని కూతుర్ని కసిరేవారు.

రాజమండ్రిలో మా పేట మొత్తానికి ఆవిడ డబ్బాల పిన్నిగారు. గాలి చొరబడని డబ్బాలు, అట్టు అంటుకోని పెనాలు, కుక్కర్లు ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారు. నేను ఆ పనిలోకి నా నోటి వల్ల వచ్చాను. మేడ మీద అద్దెకున్నావిడ తడిబట్టలు మా వడియాల మీద పిండిందని ఒక రోజు వీధిలో నిలబడి కడిగేస్తున్నాను. పిన్నిగారు తమ అరుగు మీద కూర్చుని బెండకాయలు తరుక్కుంటూ అంతా విన్నారు. నేను ఊపిరి తీసుకోడానికి ఆగగానే, "అయిందా? ఇంతసేపట్నించీ ఒక్క మాట తడబడలేదే నీకు! ఇంత నోరూ ఊరికే పారబోసుకుంటున్నావు. రేపు తొమ్మిదింటికి మంచి చీర కట్టుకుని రా" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తేల్చుకోలేక, తేల్చుకుందామనే వెళ్లాను. వెళ్లినదాన్ని పదహారేళ్లు ఆవిడ వెనకే తిరిగాను.

మా పనిలో కొత్తవాళ్లు పరిచయమయ్యేది లక్కీ డ్రాలోనే. జాకెట్టు ముక్కల కొట్లోనో గాజుల కొట్లోనో ఒక పెట్టె పెడతాం. వచ్చిన ఆడవాళ్లు చీటీ మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి అందులో వేస్తారు. నెలాఖరుకి ఒక చీటీ తీస్తాం, ఒకరికి కుక్కరు వస్తుంది. రానివాళ్లందరికీ ఫోన్లు చేసి, ఇంటికొచ్చి వంట చేసి చూపిస్తామని అడగడం మా అసలు పని. అందరూ తళతళలాడే కాగితం అంటించిన అట్టపెట్టె పెట్టేవారు. పిన్నిగారు మాత్రం వాళ్లత్తగారి నాటి ఆవకాయ జాడీ పెట్టేవారు. దాని మూతిలో ఒక్క చెయ్యే పడుతుంది, లోపలేముందో కంటికి కనపడదు, మోసానికి చోటుండదు అని ఆవిడ వాదన. ఎన్నిసార్లు తోమినా చీటీలకి కాస్త ఆవపిండి వాసన పట్టేసేది. చీటీ తీసేది కూడా మేం కాదు, వీధిలోకి వచ్చే ఆకుకూరలావిడ. ఆవిడకి చదువు రాదు, ఎవరి పేరైనా ఒకటే.

చీటీ మీద ఆవిడే ఒక ప్రశ్న అచ్చు వేయించారు. "మీ ఇంట్లో ఏ గిన్నె మాడుతోంది?" అని. డబ్బాల కంపెనీవాళ్లు నవ్వారట. నవ్వితే నవ్వారు గానీ, ఆ ఒక్క ప్రశ్నకి ఆడవాళ్లు ఎన్ని రాసేవారో! పాలగిన్నె అని, సాంబారు గిన్నె అని, ఒకావిడైతే "గిన్నె కాదు, నేనే" అని రాసింది.  ఆ చీటీ చూసి పిన్నిగారు ఆవిడకి ఫోన్ చేసి గిన్నెల ఊసే ఎత్తకుండా అరగంట మాట్లాడారు.

ఫోన్ చెయ్యడానికి ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. డ్రా తీసిన మూడు రోజుల్లో అందరికీ చేసెయ్యాలి. భోజనాలయ్యాక కునుకు తీసే వేళ చెయ్యకూడదు, శుక్రవారం పొద్దున్న తలంటి పూజల వేళ అసలు చెయ్యకూడదు. నిలబడి చెయ్యాలి. "నించుని మాట్లాడితే మర్యాద దానంతటదే వస్తుందే" అనేవారు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి మాట "మీకు ప్రైజు రాలేదండి" అయి ఉండాలి. నమస్కారం పెట్టిన వెంటనే అదే.

"అలా అంటే ఎవరు వింటారండీ? టక్కున పెట్టేస్తారు" అన్నాను నేను.

"పెట్టెయ్యనీ. వచ్చినావిడకి కబురు చెప్పడానికి మనమే అక్కర్లేదు, ఉత్తరం ముక్క చాలు. రానివాళ్లకే మనిషి కావాలి" అన్నారు.

వినడానికి బాగానే ఉంది. చేసి చూస్తే తెలిసింది. ఒక రోజు వరసగా పదకొండు మంది నా మొహం మీద ఫోన్ పెట్టేశారు. కంపెనీ మీటింగులో ఇంకో ఊరి అమ్మకందారు నా చెవిలో, "ప్రైజు వచ్చిందని చెప్పు, తలుపు వాళ్లే తీస్తారు. వెళ్లాక చిన్న వస్తువేదో చేతిలో పెట్టెయ్" అని ఊదింది. ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. పన్నెండో చీటీ కడియం ఆవిడది. నర్సరీలో మొక్కల సంచులకి మట్టి నింపే పని ఆవిడది. ఏ గిన్నె మాడుతోందన్న చోట "అన్నీ" అని రాసింది.

"మీకు ప్రైజు వచ్చిందండి!" అన్నాను.

 "నాకాండి? సరిగ్గా చూశారాండి? నాకేనాండి?" అంది.

"మీకే. ఆదివారం మేమే తెచ్చిస్తాం. ఇరుగుపొరుగుని ఓ పదిమందిని పిలవండి" అన్నాను. నిమ్మకాయలు పిండే డబ్బా ఒకటి చేతిలో పెట్టి, ఇదే ప్రైజంటే సరిపోతుందనుకున్నాను. పిన్నిగారికి మాత్రం కడియంలో పిలిచారని చెప్పాను. ఆవిడ నా భుజం తట్టారు.

ఆదివారం వెళ్లేసరికి ఆ ఇంటి ముందు కొత్తగా ముగ్గు, అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆవిడ పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది. మా సంచీ వంక చూస్తూ, "కుక్కరు పెద్దదాండి, చిన్నదాండి?" అని అడిగింది. అరుగు మీంచి వాళ్లత్తగారు అందరికీ వినపడేలా, "ఏదైతే ఏంటి లెండి. పెళ్లయ్యి ఇన్నేళ్లైంది, దీని చేతికి కలిసొచ్చిన వస్తువంటూ లేదు. ఇదే మొదలు" అంది. పిన్నిగారు తిరిగి నా మొహంలోకి చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

"అమ్మా, కాళ్లు కడుక్కోవాలి, పెరట్లోకి తీసుకెళ్తావా?" అని ఆవిణ్ణి లోపలికి నడిపించి, నన్నూ రమ్మన్నారు. నీళ్లతొట్టి దగ్గర నిలబడి, "నీకు ప్రైజు రాలేదమ్మా. మా అమ్మాయి అబద్ధం చెప్పింది. బయట ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు. నువ్వెలా అంటే అలాగే చేస్తాం" అన్నారు.

ఆవిడ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "పులిహోర కలిపేశానండి" అంది. నాకు ఆ తొట్టిలో దూకేద్దామనిపించింది. కాసేపటికి, "నిజమే చెప్పండి. రేపు కుక్కరేదీ అంటే ఎక్కణ్ణించి తేనండి? కానీ ఆ మాట నేను చెప్పలేను" అంది.

"నువ్వెందుకు చెప్తావు?" అని పిన్నిగారు నా వైపు తిరిగారు.

వీధిలో తడబడని నోరు ఆ కుర్చీల ముందు తడబడింది. "ఆవిడకి ప్రైజు రాలేదండి. వచ్చిందని నేనే అబద్ధం చెప్పాను. ఆవిడకి అదృష్టం లేక కాదు, నాకు బుద్ధి లేక" అన్నాను.  అత్తగారే ముందు, "సర్లెండి, వచ్చారుగా. ఆ అట్టేదో వెయ్యండి చూద్దాం" అంది. పిన్నిగారు చుక్క నూనె లేకుండా పెసరట్టు వేశారు. అత్తగారు తిని, "పెనానికి అంటుకోకుండా రావడం వచ్చింది గానీ, నూనె లేని అట్టు అట్టేంటండీ?" అంది. "నిజమేనండి, మా ఇంట్లో నేనూ రెండు చుక్కలు వేస్తాను" అన్నారు పిన్నిగారు. అందరితో పాటు కడియం ఆవిడ కూడా నవ్వింది. ముగ్గురు కొంటామని ముందుకొస్తే, "ఇవాళ వద్దమ్మా, ఇంకోసారి పిలవండి, వస్తాం" అని ఆర్డర్లు రాసుకునే పుస్తకం మూసేశారు. మాకు ఆకుల్లో పులిహోర పెట్టారు. పిన్నిగారు తిన్నారు. నేను ఆకు అలాగే వదిలేసి లేచాను.

బస్టాపులో తిడతారని చూశాను. తిట్టలేదు. "రాలేదంటే ఫోన్ పెట్టేస్తారు, అంతేగా. వచ్చిందంటే కుర్చీలు తెచ్చుకుంటారే" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. నేను మాత్రం అప్పట్నించీ కడియం మీదుగా బస్సులో వెళ్లినా కిటికీలోంచి చూసేదాన్ని కాదు. ఆవిడ ఎక్కడైనా కనపడితే ఏ మొహం పెట్టుకుని పలకరించను?

ఒంట్లో బాగోక అమలాపురంలో కూతురి దగ్గరికి వెళ్లేటప్పుడు పిన్నిగారు జాడీ తెచ్చి మా ఇంట్లో పెట్టారు. "నెలాఖరుకి డ్రా తీసెయ్. రానివాళ్ల సంగతి మర్చిపోకు" అన్నారు. ఆ నెలాఖరు ఆవిడ పదకొండో రోజు అయిన మర్నాడు వచ్చింది. ఆకుకూరలావిడ కళ్లు తుడుచుకుని చీటీ తీసింది. కుక్కరు బొమ్మూరు ఆవిడకి వచ్చింది. మిగిలిన చీటీలు ముందు పెట్టుకుని నిలబడ్డాను. ఈసారి ప్రతివాళ్లకీ చెప్పాల్సిన నిజాలు రెండు.

సగం ఫోన్లు అయ్యాక ఒక చీటీ దగ్గర చెయ్యి ఆగింది. దస్తూరీ పిన్నిగారిది. ఊరు కడియం. ఏ గిన్నె మాడుతోందన్న చోట "అన్నీ".

 పక్కన పెట్టేద్దామనుకున్నాను, పెట్టాను కూడా. రానివాళ్ల సంగతి మర్చిపోకన్న మాట చెవిలో మెదిలి మళ్లీ తీశాను.

"ఆయ్, చెప్పండి" అంది ఆవిడ.

"నమస్కారమండి. మీకు ప్రైజు రాలేదండి."

"తెలుసులెండి" అని నవ్వింది. "పిన్నిగారేరీ? గొంతు వేరేలా ఉందేంటి?"

"పిన్నిగారు లేరండి. పోయారు. నేను ఆ రోజు మీకు అబద్ధం చెప్పినదాన్నండి. నన్ను క్షమించండి." అంతా ఒక్క ఊపిరిలో అనేశాను.

అవతల మొక్కలకి నీళ్లు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.  "ఆ రోజు మీరు పులిహోర ముట్టుకోలేదండి. నాకదే గుర్తుండిపోయింది" అంది. తరవాత తనే చెప్పుకొచ్చింది. "నెలనెలా చేసేవారండి. ఈసారీ రాలేదమ్మా అని మొదలెట్టి, మా పాప చదువు అడిగేవారు, మా అత్తగారు మంచాన పడితే రోజు విడిచి రోజు చేసేవారు. కుక్కరు నేను ఎప్పుడో కొనుక్కున్నానండి. ఆ సంగతి ఆవిడకీ చెప్పాను. అయినా నా చీటీ వేస్తూనే ఉన్నారు. ఇంక రాలేదని నాకెవరు చెప్తారండీ?"

"నేను చెప్తానండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక అర్థమైంది, నెలనెలా ఆ చీటీ నా కంట పడకుండా పిన్నిగారే తీసుకునేవారు. కొత్త చీటీ ఒకటి తీశాను. కడియం ఆవిడ పేరు, ఊరు, నంబరు రాశాను. ప్రశ్న దగ్గర "అన్నీ" అని రాసి, మడిచి, ఖాళీ జాడీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున వదిలాను. చెయ్యి బయటికి తీస్తే ఆవపిండి వాసన వేసింది. ఆ పూట చెయ్యి కడుక్కోలేదు.