కఫీల్ పిస్తోలుకు కొబ్బరినూనె

నాలుగు గొర్రెపిల్లలు, ఒక సూడి గొర్రె, ఒక కొలువు. ఈ మూడింటినీ ఒకే పొద్దున పోగొట్టిన మొనగాణ్ణి నేను. దొంగతనం చేయలేదు, తాగలేదు, ఎవరినీ తిట్టలేదు. కాస్త బుద్ధి ఉపయోగించాను, అంతే. జాలిపడేవాళ్ళు ఆగండి, ముందు వినండి.

సౌదీలో తాయిఫ్ కొండల మీద అబూ సాలెహ్ అనే కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన దగ్గర గొర్రెలు కాసేవాణ్ణి. ఆరేళ్ళు ఇంటి మొహం చూడలేదు. ఇంటి దగ్గర నా భార్య రాజవ్వకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. ఆమె మొండిది. "నువ్వు వాకిట్ల నిలవడితెనే నేను బల్ల ఎక్కుత, లేకుంటె ఇట్లనే సస్త" అని ఫోన్లో తేల్చి చెప్పింది. నాకు సెలవు కావాలి. సెలవు వీసా, అంటే ఇంటికి పోయి తిరిగి రావడానికి అనుమతి, కఫీల్ ఫోన్లో ఉంటుంది, ఆయన వేలు నొక్కాలి. ఆయన వేలేమో "వచ్చే వారం, ఇన్షా అల్లా" అంటూ మూడు నెలలుగా గడ్డం గోక్కుంటోంది.

ఆ చలికాలం ఊరకుక్కలు గుంపుగట్టి మందమీద పడసాగాయి. కఫీల్ దగ్గర ఒక చిన్న పిస్తోలు ఉండేది. అరచేతిలో ఇమిడేంత. ఎవరి దగ్గరో చవకగా కొన్నాడు. దాని గుణం చెబుతాను: మొదటి తూటా పేలుతుంది, రెండోది పేలదు. పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి రాకుండా, గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు, సగంలో ఇరుక్కుంటుంది. కఫీల్ దాన్ని నేలకేసి కొట్టినంత పని చేసి పీకేలోగా కుక్కలు పక్క కొండ దాటేవి.

మాతో గుల్ ఖాన్ అని పెషావర్ డ్రైవర్ ఉండేవాడు. తుపాకుల సంగతి వాడికి బాగా తెలుసు. మేము మాట్లాడుకునేది హిందీలో, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"చాచా, ఇది తుపాకీ కాదు, సిగరెట్ లైటర్. చిన్నదీ చవకదీ రెండూ అయితే ఇంతే. లోపల స్ప్రింగ్ చచ్చింది."

"బాగుచెయ్యరాదా?"

"కొత్తది కొనాలి. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు."

ముట్టుకోవద్దు అన్నాక ముట్టుకోకుండా ఉంటే నేను మల్లయ్యను ఎట్లా అవుతాను?

ఒక మధ్యాహ్నం కఫీల్ తూటాలన్నీ తీసేసి, పిస్తోలు నా చేతికిచ్చి, "పొడిగుడ్డతో దుమ్ము తుడువు, అంతే" అన్నాడు. నాకు బుర్రలో దీపం వెలిగింది. దీన్ని బాగుచేసి ఇస్తే సంతోషంతో వేలు నొక్కడా! మా ఊళ్ళో కుట్టుమిషను బిగుసుకుంటే కొబ్బరినూనె, తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె, పిల్లవాడికి చెవిపోటు వచ్చినా కొబ్బరినూనె. పిస్తోలు మాత్రం ఏం పాపం చేసింది? నా తలకు రాసుకునే డబ్బాలోంచి సగం దానికి తాగించాను. పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు సందు సందునా రుద్దాను. ఎండలో అది వెన్నలా జారింది. లాగితే టక్, వదిలితే టక్!

కఫీల్ తూటాలు పెట్టి డబ్బారేకు మీద కాల్చాడు. ఒకటి, రెండు, మూడు! ఆగకుండా పేలాయి. ఆయన నన్ను కావలించుకున్నాడు.

"యా మల్లయ్యా! ఏం చేశావు?"

"తుడిచిన, అంతే," అన్నాను, కొత్త కోడలిలా తల వంచుకుని.

"ఆదివారం నీ వీసా. ఖలాస్!"

రాజవ్వకు ఫోన్ చేసి ఆసుపత్రిలో తేదీ రాయించుకోమన్నాను.

శనివారం తెల్లారి కొండమీద మంచు, చలి. నోట్లోంచి పొగ వస్తోంది. కుక్కలు పడ్డాయి. కఫీల్ దర్జాగా నడిచివచ్చి, గురిపెట్టి, మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. ఇద్దరు కలిసి లాగినా పైముక్క కదలలేదు. మేము రాళ్ళు రువ్వి తరిమేలోగా నాలుగు పిల్లలు పోయాయి. సూడి గొర్రె నా కాళ్ళ దగ్గరే పడి, నన్నే చూస్తూ పోయింది. ఇంతవరకూ నవ్వినవాళ్ళు ఇక్కడ నవ్వకండి.

గుల్ ఖాన్ పిస్తోలు సందులో గోరు పెట్టి గీకాడు. తెల్లగా, గట్టిగా, పేరిన నెయ్యిలాంటిది ఊడివచ్చింది. చలికాలం మా ఇంట్లోనే నూనెడబ్బా ఎండలో పెట్టుకునేవాణ్ణి, ఆ సంగతి అప్పుడు గుర్తుకు రావద్దా! వాడు వాసన చూశాడు. నావైపు చూశాడు. పాపం, గోరు గబగబా అంగీకి తుడిచేసుకున్నాడు. కానీ కఫీల్ కూడా పిస్తోలు తీసుకుని వాసన చూశాడు. తరువాత మెల్లగా నా దగ్గరికి వచ్చి, వంగి, నా తల వాసన చూశాడు.

ప్రపంచంలో ఏ దొంగా ఇంత సులువుగా దొరికి ఉండడు.

"తుడిచావా?" అన్నాడు.

"తుడిచిన," అన్నాను.

ఆయన తిట్టలేదు. ఫోన్ తీశాడు. "వీసా కావాలన్నావు కదా?" అని వేలు నొక్కాడు. నా ఫోన్ టింగుమంది. నాకప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. అంత నష్టం చేసినా మాట తప్పలేదు, ఎంత గొప్ప మనిషి అనుకుని, కళ్ళనీళ్ళతో ఆయన భుజం ముద్దుపెట్టుకున్నాను. పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దీవించాను. ఆయన బిత్తరపోయి పక్కకు జరిగాడు.

గుల్ ఖాన్ నా ఫోన్ చదివి గొంతు సవరించుకున్నాడు. "చాచా, దీవెనలు ఆపు. ఇది పోయి వచ్చే వీసా కాదు. పోవడమే. ఫైనల్ ఎగ్జిట్."

నాలుగు రోజుల తరువాత జెద్దా విమానాశ్రయంలోంచి రాజవ్వకు ఫోన్ చేశాను.

"వస్తున్నవా? నిజంగనా? ఎన్ని దినాలిచ్చిండు?"

"శానా ఇచ్చిండు."

"శానా అంటె? రెండు నెల్లా?"

"నువ్వు సాలు అనేదాంక."

అవతల ఏడుపు. "ఎంత మంచోడయ్యా! నువ్వేమో పిసినారోడని తిడితివి. మల్ల పొయ్యేటప్పుడు ఆయనకు సకినాలు చేసిస్త, యాది జెయ్యి."

ఆపరేషన్ బాగానే జరిగింది. నెల తిరక్కుండానే లేచి కూర్చుని, వద్దంటున్నా వినకుండా సకినాలు చేసి డబ్బాకు మూత బిగించి, "విమానం ఎప్పుడు?" అంది. ఇక దాచలేక అంతా చెప్పాను.  రాజవ్వ బిగించిన మూత తీసి డబ్బా నా ముందు పెట్టింది.

"అయితె నువ్వే తిను."

తింటూ ప్రమాణం చేశాను: భూమ్యాకాశాల సాక్షిగా, ఇకమీదట ఎవరి పిస్తోలునూ, అదెంత చిన్నదైనా ఎంత చవకదైనా బాగుచేయను. దాన్ని అంత నాసిగా తయారుచేసినవాడు తెలివైనవాడు, నేను ముట్టనంతకాలం మొదటి తూటా అయినా పేలేది. వాడి పనిలో వేలు పెట్టను.