చెత్తబండి వచ్చే వేళ

మా కీలుంగ్ ఊళ్లో, ఈ సందులో, చెత్త వీధిలో పెట్టి పోవడానికి లేదు. సాయంత్రం బండి పాట వినిపించగానే ఎవరి సంచి వాళ్లు పట్టుకుని దిగాలి. మాకది విసుగు. ఎదురు మేడ మీది యువేషియాకు మాత్రం రోజు మొత్తంలో బయటి గాలి తగిలేది అప్పుడే.

ఆమె మొగుడు జిన్‌ఫూ ఫ్యాన్లు బాగుచేస్తాడు. మేడ మెట్లు అతని కొట్లోకే దిగుతాయి, అతని కళ్లబడకుండా ఆమె గడప దాటలేదు. చెత్త మోయడం మగాడి పని కాదు కాబట్టి దానికి మాత్రం పంపేవాడు. మండే ఎండల్లోనూ నిండు చేతుల చొక్కా వేసుకునేది. నేనడిగితే "మెట్ల మీద జారానత్తా" అనేది. ఏ మెట్లు మనిషి మెడ మీద వేళ్ల గుర్తులు వేస్తాయి? సందులో అందరికీ కళ్లున్నాయి. ఒకసారి పోలీసులొస్తే మా వార్డు పెద్ద లియాంగ్ ఎదురెళ్లి, "బంగారంలాంటి మనిషండీ, మొగుడూ పెళ్లాల గొడవ" అని టీ తాగించి పంపేశాడు.

నాది సోయా పాల కొట్టు. బండి కోసం నిలబడినప్పుడు ఆమె నా పక్కనే ఉండి, తన సంచిలోంచి రోజుకొక బట్ట నా సంచిలోకి మార్చేది. వాటిని గింజల బస్తాల వెనక దాచాను. శనివారం బండి వేళకు ఆమె చెల్లెలు స్కూటరుతో సందు మొదట్లో ఉంటుంది. ఇక దాటాల్సింది మనిషే.

గురువారం చేతికి కట్టుతో దిగింది. అయ్యో పాపం అన్నారు అందరూ. లియాంగ్ గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు దిగొద్దమ్మా. సంచి గుమ్మంలో పెట్టించు, మేం వేసేస్తాం. ఇరుగుపొరుగు ఉన్నదెందుకు?"

యువేషియా ముఖం పాలిపోయింది. "పర్లేదు బాబాయ్, నేనే తెచ్చుకుంటా. ఒక చెయ్యి బాగానే ఉందిగా."

నాకు ఒళ్లు మండింది. కానీ జిన్‌ఫూ గుమ్మంలో నిలబడి వింటున్నాడు, ఉన్నమాట ఎలా చెప్పను? "విరిగింది చెయ్యేగా, కాళ్లు కాదుగా. తన చెత్త తననే మోసుకోనివ్వండి" అన్నాను.

"అత్తా, నీది గుండె కాదు, బండ" అంది ఎదురింటి సూమెయ్.

జిన్‌ఫూ అందరికీ వంగి దండం పెట్టి, కమలాపళ్లు పంచాడు.

శుక్రవారం ఆమె దిగలేదు. లియాంగ్‌ను పక్కకు పిలిచి, "ఆ పిల్లకు వీధిలోకొచ్చే దారి అదొక్కటేనయ్యా" అన్నాను.

"కాపురాలు చెడగొట్టే మాటలు నీకెందుకక్కా" అన్నాడు.

శనివారం వాన. సందు మొదట్లో చెల్లెలు ఇంజను ఆపకుండా తడుస్తూ కూర్చుంది. బండి పాట దగ్గరకొస్తోంది. గుమ్మంలోని సంచిని నేనే జిన్‌ఫూ ముందుకు తోసి, "మా వల్ల కాదు, మీ ఆవిణ్ణి పంపు" అన్నాను. అతను చిరునవ్వు నవ్వి, కాసేపు లోపలికెళ్లొచ్చి, సంచి తనే మోసుకుంటూ బండి దగ్గరకు నడిచాడు.

"చూడండర్రా, మొగుడంటే అలా ఉండాలి" అంది సూమెయ్. "మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, తాగిన గ్లాసు కూడా తియ్యడు."

అందరూ నవ్వారు. జిన్‌ఫూ కొట్టు ఖాళీగా ఉంది. మేడ వైపు తలెత్తి అరిచాను. "యువేషియా, దిగి రా, కొట్లో ఎవరూ లేరు."

కిటికీ ఇనుప ఊచల వెనక ఆమె ముఖం కనిపించింది.

"మెట్ల తలుపుకి తాళం వేశాడత్తా."

ఆ మాట అందరికీ వినబడింది. నవ్వులు ఆగిపోయాయి. లియాంగ్ తన సంచి ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు. సూమెయ్ గొడుగు దించుకుంది. బండి పాట పాడుకుంటూ మలుపు తిరిగింది.

"తడుస్తున్నారు, ఇళ్లకెళ్లండి" అన్నాడు జిన్‌ఫూ మర్యాదగా.

వెళ్లారు, ఒక్కొక్కరే. అతని గుమ్మం ముందు నేనూ, స్కూటరు వదిలి పరుగెత్తుకొచ్చిన ఆ చెల్లెలూ మిగిలాం. ఇప్పుడు మేమిద్దరమే ఆ తాళంచెవి అడగాలి. సందంతా నిలబడి ఉంటే అడక్కుండానే తాళం తీసేవాడు.