మా గల్లీ మోరీ బాండ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. చదువు పూర్తయి, ఉద్యోగం దొరికి, మెడలో ఆఫీసు కార్డు వేలాడదీసుకున్న మొదటి ఏడాది ఎవరికైనా అలాగే ఉంటుందేమో, ఇప్పుడు చెప్పలేను కాని నాకైతే అచ్చం అలాగే ఉండేది. ఆ రోజులంటే మరీ వెనకటివేం కావు. ఉప్పల్లో మెట్రో కొత్తగా తిరుగుతోంది, ఎక్కడికీ వెళ్లే పని లేనివాళ్లు కూడా ఎక్కి, కిటికీలోంచి తమ ఇంటి డాబా కనిపిస్తుందేమోనని మెడలు సాచి చూసేవాళ్లు. పెద్ద పెద్ద రోడ్ల కోసం నగరాలు బాండ్లు అమ్మి జనం దగ్గర అప్పు తెస్తున్నాయని పేపర్లలో రాసేవారు. నేను చేరిన చిన్న ఆఫీసులో ఆ బాండ్లకు కావలసిన కాగితాలు తయారుచేసేవాళ్లు. (నా వంతు పని, పెద్దవాళ్లు రాసిన పేజీలకు నంబర్లు వేయడం.) కాని సాయంత్రం నాచారంలో బస్సు దిగి మా గల్లీలోకి మలుపు తిరిగేసరికి, ఊళ్లో ఉన్న వంతెనలన్నీ నేనే కట్టించినట్టు ఉండేదట నా నడక. ఈ మాట మా అమ్మ చెప్పింది, అదీ మెచ్చుకుంటూ చెప్పలేదు.

మా గల్లీ పైనుంచి కిందికి వాలుగా ఉంటుంది. పై చివర మా ఇల్లు, కింది చివర కాలనీ వాళ్ల ఫంక్షన్ హాలు, దానికి ఎదురుగా సిస్టరాంటీ ఇల్లు. సర్కారు దవాఖానాలో నర్సు కాబట్టి గల్లీ అంతటికీ ఆమె సిస్టరే. నేను పుట్టింది ఆమె చేతుల మీదే, ఆ సంగతి ఆమె నాకు నెలకోసారైనా గుర్తుచేసేది. గల్లీ పక్కన మురుగునీళ్లు పారే మోరీ ఎప్పటిదో, సగం పూడిపోయింది. కాస్త గట్టి వాన పడితే చాలు, నీళ్లన్నీ గల్లీ మీదుగా దిగి నేరుగా ఆమె వాకిట్లోకి వెళ్లేవి. వానాకాలం వస్తోందంటే ఆమె మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించేది. ఆ ఏడు వేసవిలో మాత్రం మా ఇంటికొచ్చి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండానే చెప్పింది.

"ఇగ నాతోని గాదు వదినా. ఘట్‌కేసర్ దిక్కు ఒక చిన్న పోర్షన్ చూసిన. ఈ వానకాలం గూడ నీళ్లొస్తే ఇల్లు అమ్ముకోని పోత."

అమ్మ కళ్లు తుడుచుకుంది. సిస్టరాంటీ లేని గల్లీని నేను ఊహించుకోలేను. ఆవిడ వెళ్లిపోతే జ్వరమొచ్చినప్పుడు నుదురు మీద చెయ్యి వేసి "ఏం గాలే, ఊకో" అనేదెవరు? మరి మోరీ సంగతేమిటంటే, మెయిన్ రోడ్డు మీద పెద్ద మోరీ కట్టడం అప్పటికే అయిపోయింది. మా గల్లీ వంతు రావడానికి ఇంకో ఏడాది ఉంది. ఏరియా ఇంజనీరు వచ్చి, చూసి, కొలతలు రాసిచ్చి, ఈలోగా మీరే వేసుకుంటామంటే నాకు సంతోషమే అని నవ్వి వెళ్లాడు. అప్పుడు నాలోని బాండ్ల నిపుణురాలు మేల్కొంది. "మీరెక్కడికీ వెళ్లద్దాంటీ. వానలు పడేలోపు మోరీ వేయిస్తాను. నాదీ మాట" అన్నాను. పేజీలకు నంబర్లు వేసే పిల్ల ఇచ్చిన మాట అది.

ఆదివారం హాల్లో మీటింగు పెట్టించాను. ఆ హాలు గురించి కొంచెం చెప్పాలి. అందులో ఫ్యాన్లన్నీ దాతలిచ్చినవే. ప్రతి రెక్క మీదా 'కీ.శే.' అని మొదలై ఎవరో ఒకరి నాన్నగారి పేరో, అత్తగారి పేరో ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. కాలనీ ప్రెసిడెంటు రైల్వే మామ, రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, వాళ్ల నాన్నగారి పేరున స్టేజీకి ఎదురుగా ఒక ఫ్యాను పెట్టించాడు. అది తిరుగుతుంటే పేరు కనిపించదు కదా! అందుకని ఎవరి ఫంక్షనైనా సరే, భోజనాల వేళకు మామ మెల్లగా వెళ్లి ఆ స్విచ్చి ఆపేసేవాడు. దాని కింద కూర్చున్నవాళ్లు చెమటలు కక్కుతూ పేరు చదువుకుంటూ తినేవాళ్లు.

ఆ ఫ్యాన్ల కింద నిలబడి నేను ఉపన్యాసం ఇచ్చాను. మనం ఇది చందాలా వసూలు చేయం, బాండ్లు అమ్ముతాం. మోరీ బాగుపడితే హాలు ముందు నీళ్లు నిలవవు. నీళ్లు నిలవకపోతే హాలుకు బుకింగులు వస్తాయి. ఆ అద్దెతో ఏడాదిన్నరలో అందరి డబ్బూ వడ్డీతో సహా తిరిగిచ్చేస్తాం. (అది అసలు చట్టం ఒప్పుకునే బాండే కాదనీ, ఇరుగుపొరుగు చేబదులుకు నేను పెట్టిన ముద్దుపేరు మాత్రమేననీ తర్వాత మా ఆఫీసులో తెలిసి, పెద్దాయన తల పట్టుకున్నాడు.) చప్పట్ల కోసం ఆగాను. రైల్వే మామ లేచాడు.

"తిరిగిస్తరా? మోరీకి ఇచ్చిన పైసలు తిరిగొచ్చుడేంది?"

"వస్తాయి మామయ్యా. వడ్డీతో సహా."

"వడ్డీ గూడనా!" అని మామ జనం వైపు తిరిగాడు. "దీంట్ల ఏదో మతలబు ఉన్నది చూడున్రి."

హాలంతా తలూపింది. మా వాళ్లు వినాయకుడికి ఇస్తారు, బోనాలకిస్తారు, సిస్టరాంటీ వాళ్ల చర్చిలో క్రిస్మస్ స్టారుకీ ఇస్తారు. అవేవీ తిరిగి రావని తెలిసి ధైర్యంగా ఇస్తారు. తిరిగిస్తానని ఎవరైనా అన్నారంటే మాత్రం జేబు మీద చెయ్యి వేసుకుని జాగ్రత్తపడతారు. లెక్కంతా నిజమేనని నాన్న (ల్యాబులో సైంటిస్టు, గుంటూరు మనిషి) లేచి వివరించబోయాడు. "అంటే ఏమిటంటే అండీ, ఇందులో మొదటి అంశం..." అనేసరికి సగం మంది చెప్పులు వెతుక్కున్నారు. చివరికి మిగిలింది సిస్టరాంటీ. ఘట్‌కేసర్ పోర్షన్‌కి అడ్వాన్సు ఇవ్వాలని తెచ్చుకున్న డబ్బు తీసి నా చేతిలో పెట్టింది.

"నాకేం సమజ్ గాలే బిడ్డా. గని నువ్వు చెప్తున్నవ్ గద."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు వాన పడి మోరీ లేకపోతే, ఆవిడకు ఈ ఇల్లూ నిలవదు, ఆ ఇల్లూ దొరకదు. మర్నాడు పొద్దున్నే రైల్వే మామ కాళ్లమీద పడ్డంత పని చేశాను. మామ హాలు మెట్ల మీద కూర్చుని చాలాసేపు లోపలి ఫ్యాను వైపు చూశాడు.

"పేరు రాస్తరా?"

"బాండు మీద మీ పేరే ఉంటుంది మామయ్యా."

"కాగితం మీద గాదమ్మా. మోరీ మీద బండలేస్తరు గద, ఆ బండ మీద. మా నాయిన పేరు."

కొనేవాళ్లను ఆకర్షించేలా బాండుకు ఏదో ఒక ప్రత్యేకత ఉండాలని నేను నంబరు వేసిన పేజీల్లో ఎక్కడో ఉంది. "తప్పకుండా రాస్తాం" అనేశాను. అంతే! సాయంత్రానికి మా గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. బండలు తక్కువ, నాన్నలు ఎక్కువ. పక్క గల్లీ వాళ్లు కూడా వచ్చి బతిమాలారు. మా నాయిన పేరు ట్రాన్స్‌ఫార్మర్ కింద వద్దని ఒకాయన, ఫలానావాళ్ల నాయనకూ మా నాయనకూ బతికుండగా మాటల్లేవు, పక్కపక్కన పెట్టొద్దని ఇంకొకాయన. పని మొదలై, మేస్త్రి బండలు పోస్తుంటే ప్రతి ఇంటివాళ్లూ పచ్చి సిమెంటు పక్కన నిలబడి, మేకుతో పేరు రాయించుకుని, పువ్వులు పెట్టి వెళ్లారు. సిస్టరాంటీ గేటు ముందు బండ వంతు వచ్చింది.

"నాకెవరున్నరు బిడ్డా, నీ పేరే రాయిస్త" అంది ఆవిడ. "బుజ్జి అని రాయి మేస్త్రీ."

మేస్త్రి చెయ్యి అలవాటుకొద్దీ 'కీ.శే.' అని మొదలుపెట్టబోయింది. మా అమ్మ ఒక్క పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. "బతికున్న పిల్ల పేరు బండ మీదేమిటి సిస్టర్!" అని అమ్మ మొత్తుకున్నా ఆవిడ వినలేదు. గల్లీలో పోయినవాళ్లందరి వరసలో, చిట్టచివర, నేనొక్కదాన్నే బతికున్నదాన్ని. ఆఫీసులో ఎవరికైనా తెలిస్తే ఎలా అని నా బెంగ. అది చెరిపించమని ఆంటీని కనపడ్డప్పుడల్లా పోరేదాన్ని. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

ఆ బండల మీద జనం హాయిగా నడవాలని ఇంజనీరు గారి ఉద్దేశం. ఒక్కరు నడిస్తే ఒట్టు! నాన్నగారి పేరు ఎవరు తొక్కుతారు? పెద్దవాళ్లు రోడ్డు మీదే నడిచారు, పిల్లలు ఎగిరి దూకారు. పొద్దున్నే బండలు కడిగి ముగ్గులు వేయడం మొదలైంది. అక్కడ చెత్త పడేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒకసారి పార్సిల్ తెచ్చిన కుర్రాడు బండి ఆపాడో లేదో, రైల్వే మామ మేడ మీంచి అరిచాడు. "ఓ తమ్మీ! మా నాయిన మీద బండి వెట్టినవ్, జర తియ్!" ఆ కుర్రాడు భయపడి పార్సిల్ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత వాన వచ్చింది. మామూలు వాన కాదు, సాయంత్రం మొదలై ఊపిరి తీసుకోకుండా కురిసింది. నేనూ అమ్మా గొడుగు వేసుకుని సిస్టరాంటీ వరండాలో నిలబడ్డాం. నీళ్లు గల్లీ పొడవునా బండల కింద గలగలమంటూ వచ్చి, ఆవిడ గేటు ముందునుంచి, నా పేరు కిందనుంచి పెద్ద మోరీలోకి వెళ్లిపోయాయి. వాకిలి తడవలేదు. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మర్నాడు చూస్తే మంచం కోళ్ల కింది ఇటుకలు తీసి కరివేపాకు చెట్టు పాదు చుట్టూ పేర్చుకుంటోంది. నేను ఇంటికొచ్చి గట్టిగా ఏడ్చాను, సంతోషంతోనే.

హాలుకు బుకింగులు వచ్చాయి. బారసాలలు, పుట్టినరోజులు, ఒకటి రెండు నిశ్చితార్థాలు. ఏడాదిన్నర తిరిగేసరికి నేనన్న డబ్బు వడ్డీతో సహా చేతిలో ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకుని, కవర్లు పట్టుకుని హాలు స్టేజీ ఎక్కాను. ముందుగా రైల్వే మామను పిలిచాను. మామ వచ్చాడు కాని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"పైసలు తీసుకుంటే పేరు ఉంటదా?"

"అప్పు తీరిపోతుంది కదా మామయ్యా. ఇక బాండే ఉండదు."

"గట్లైతే నాకొద్దు. మా నాయిన పేరు అమ్ముకుంటనా?"

అందరూ ఒకసారి తలెత్తి ఫ్యాన్ల వైపు చూసి, చేతులు కట్టుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు కవరు ముట్టలేదు. నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "తిరిగిస్తానని మాటిచ్చాను! మీరు తీసుకోకపోతే నేను మాట తప్పినదాన్నవుతాను!" అని పట్టుచీరలో నిలబడి అరిచాను. వెనక వరసలోంచి సిస్టరాంటీ లేచింది.

"ఏడవకు బిడ్డా. నాకియ్యి. నీ మాట పోవద్దు గద."

ఎంత సంబరపడ్డానో! కవరున్న చెయ్యి చాపాను, ఆవిడ అందుకుంది. రైల్వే మామ గార్డు ఉద్యోగం గుర్తొచ్చినట్టు చెయ్యి పైకెత్తాడు.

"రూలంటే రూలే. మేస్త్రీ, రేపు పొద్దుగాల సిస్టరమ్మ బండ మీద పేరు సిమెంటు వెట్టి పూసెయ్."

ఇన్నాళ్లూ నేను చెరిపించమని పోరిన పేరే అది. కాని కవరు వదలడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. ఆవిడ అటు లాగుతోంది, నేను ఇటు పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా."

"వద్దాంటీ."

"ఇస్తనన్నవ్ గద."

"వద్దు... ప్లీజ్ ఆంటీ, తీసుకోకండి."

హాలు ఘొల్లుమంది. "ఇప్పుడు సమజైందా మేడమ్?" అన్నాడు మామ, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతూ. చివరికి వడ్డీ డబ్బుతో అదే హాల్లో బగారా అన్నం, దాల్చా వండించుకుని తిన్నాం. అసలు సొమ్ము పక్క గల్లీ మోరీకి వెళ్లింది. చేతులు కడుక్కుంటూ నాన్న అడిగాడు. "ఇలా చేయడాన్ని మీ ఆఫీసులో ఏమంటారమ్మా?" "ఏమీ అనరు నాన్నా. ఉద్యోగం తీసేస్తారు."

ఉద్యోగం తీసేయలేదు. ఇప్పుడు పేజీలకు నంబర్లు వేసేది నేను కాదు, నా కింద పనిచేసే పిల్లలు. నా దగ్గర బాండ్లు కొన్న పెద్దమనుషులు, డబ్బు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఫోన్ మీద ఫోన్ చేస్తారు. డబ్బు వద్దు, మా నాన్న పేరు ఉంచండి చాలు అన్నవాడు ఇంతవరకూ తగల్లేదు. నేను ఇప్పుడు ఉండేది పక్కనే, ఉప్పల్లో కాబట్టి ఆదివారాలు నడుచుకుంటూ మా గల్లీకి వెళతాను. రిటైరైన సిస్టరాంటీ కరివేపాకు చెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడ గేటు ముందుకు రాగానే నేను చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కొంచెం పైకెత్తి, ఆ బండ మీంచి దూకుతాను. ఇంత వయసొచ్చాక ఆ దూకడం ఏమంత అందంగా ఉండదు.

"తొక్కవే, ఏమైతది! నీ పేరే గద!" అంటుంది ఆవిడ ప్రతిసారీ.

నా పేరే. అన్నీ తెలుసనుకుని, ఏమీ తెలియకుండానే ఆవిడకు మాటిచ్చేసిన ఆ పిల్ల పేరు. దాన్ని తొక్కడానికి నాకు కాలు రాదు.